చంద్రమ్మ కోసం పట్టపుపాళెం దాకా

నెల్లూరు అనగానే మీకు బియ్యమూ చేపల పులుసూ గుర్తొస్తాయి. నాకు మాత్రం ఎనిమిదేళ్ళుగా గుర్తొచ్చేది సముద్రంలో పోయిన ఒక ఆడపిల్ల. పేరు చంద్రమ్మ. ఆమె ఊరు వెతుక్కుంటూ మొన్న మూడు రోజులు కోట అనే ఊరి వైపు తిరిగొచ్చాను. మీరు ఎలాగూ అటు వెళ్ళరు కాబట్టి, వెళ్ళినా చంద్రమ్మ కోసం వెళ్ళకూడదు కాబట్టి, ఇది రాస్తున్నాను.

ముందు మా బ్యాండు సంగతి. పేరు నేలగొంతు. పోస్టర్ల మీద 'స్వతంత్ర జానపద రాక్ బృందం' అని వేస్తాం. స్వతంత్రం అంటే మాకు ఎవరూ డబ్బులివ్వరని. జానపదం అంటే పాట ఎవరు రాశారో మాకు తెలియదని. రాక్ అంటే డ్రమ్ముల మోతలో మాటలు వినపడవని. పదకొండేళ్ళ కిందట ఐదుగురం మొదలుపెట్టాం. బేస్ గిటార్ వాయించేవాడు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో చేరి ఇల్లు కట్టుకున్నాడు. ఫ్లూటు వాడు యోగా నేర్పుతున్నాడు. కీబోర్డు వాడు మానేసిన సంగతి మాకు ఆర్నెల్ల దాకా తెలియలేదు. మిగిలింది పాడే నేనూ, డ్రమ్ములు వాయించే సుధీరూ. సుధీర్ వారంలో ఐదు రోజులు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. నేను అపార్ట్‌మెంట్లలో పిల్లలకు గిటార్ నేర్పుతాను.

మీ మీద ఎవరి ప్రభావం ఉంది అని ఇంటర్వ్యూల్లో అడిగితే, మా నాయనమ్మ తిరగలి పాటలు అని చెబుతాను. మా నాయనమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో రిటైరైంది. తిరగలిని సినిమాలో చూసి ఉంటుంది. నా మీద ప్రభావమంతా హైదరాబాదు హాస్టల్లో పక్క మంచం వాడి టేప్ రికార్డరుది. ఆ మాట చెబితే ఎవరూ అచ్చు వేయరు.

మా పాటల్లో జనానికి తెలిసింది ఒక్కటే. కాలేజీలో నాతో చదివిన ప్రసాద్ రొయ్యల మేత అమ్మే పనిలో కోట వైపు తిరిగేవాడు. ఎనిమిదేళ్ళ కిందట ఫోనులో నలభై సెకన్ల రికార్డు పంపి, 'ఒడ్డున ఒకామె పాట. భలే గొంతురా, నీకు పనికొస్తుంది' అని రాశాడు. నలభైలో ముప్పై సెకన్లు గాలే. ఆ గాలి మధ్య ఒక ఆడగొంతు, చంద్రమ్మా చంద్రమ్మా అంటోంది. పోతావుండాది, పోతావుండాది అంటోంది. తర్వాత గట్టిగా, పోయింది! ఎవురి పేరు రాసేది?

నేను ఏడ్చాను. నిజంగానే. మునిగిపోయినవాళ్ళ పేర్లు రాసి పెట్టుకునే ఆచారం అక్కడ ఉందేమో అనుకున్నాను. అనుకున్నదాన్ని రెండు నెలల్లో ఇంటర్వ్యూలో చెప్పాను. ఏడాది తిరిగేసరికి నాకే నమ్మకం కుదిరింది. మాటలు గాలిలో కొట్టుకుపోయిన చోట హమ్మింగ్ పెట్టి, బాగా నెమ్మది చేసి, పాట చేశాను. కింద 'నెల్లూరు తీర జానపదం, శతాబ్దాల నాటిది, రచయిత తెలియదు' అని వేశాను. ప్రసాద్‌ని ఇంకేమీ అడగలేదు. అడిగితే చెప్పేస్తాడని అడగలేదేమో.

ఇప్పుడు బెంగుళూరులో ఒక మ్యూజిక్ లేబుల్ 'వేళ్ళు' అనే పేరుతో జానపదాల వరస వేస్తోంది. మా ఆల్బమ్ తీసుకుంటామన్నారు. ఒకటే షరతు. చంద్రమ్మ పాట పుట్టిన ఊరికి వెళ్ళి, అక్కడి పెద్దవాళ్ళ చేత 'ఇది తరతరాల పాట, దీనికి యజమాని ఎవరూ లేరు' అని కాగితం మీద సంతకం పెట్టించాలి, అది వీడియో తీయాలి. ఇది కుదరకపోతే డ్రమ్ములు అమ్మేస్తానని సుధీర్ తేల్చేశాడు. డ్రమ్ముల చోట బీరువా పడుతుందో లేదో వాళ్ళావిడ టేపు పెట్టి కొలిచింది కూడా.

నెల్లూరు: ఏ సంఘం సార్?

శనివారం పొద్దున నెల్లూరులో దిగాం. నా భుజాన గిటారు, సుధీర్ చేతిలో కహోన్. కహోన్ అంటే మీద కూర్చుని వాయించే చెక్కపెట్టె. ఆటో అతను రెండింటినీ చూసి, "ఏ సంఘం సార్?" అన్నాడు.

సుధీర్ వాళ్ళ అపార్ట్‌మెంటులో కార్యదర్శి. "శ్రీ సాయి రెసిడెన్సీ ఓనర్ల సంఘం" అన్నాడు.

ఆటో అతను కాసేపు ఆలోచించాడు. "అది కొత్త సంఘమా సార్? పాస్టరు గారెవురు?"

అటు వైపు గిటారు అంటే చర్చి. మూడు రోజులూ మమ్మల్ని ఎవరూ రాక్ సంగీతకారులని అనుకోలేదు. కానీ అందరూ మర్యాదగా చూశారు, ఆటో అతనైతే యాభై రూపాయలు తగ్గించాడు. హైదరాబాదులో గిటారుతో ఆటో ఎక్కితే యాభై ఎక్కువ అడుగుతారు.

మధ్యాహ్నం ఒక మెస్సులో చేపల పులుసు భోజనం. మనిషికి నూట అరవై. పులుసులో మామిడికాయ ముక్కలు, ముక్కకు అంటుకున్న టెంక. మా ఇంట్లో చేపల పులుసులో మామిడికాయ వేస్తే పొరపాటున పడిందనుకుంటారు. సుధీర్ ఆ ముక్కలు ఏరి పక్కన పెడుతుంటే వడ్డించే ఆయన చూసి, "ఆ ముక్క తినకుండా లేయబాకు సామీ, దానికోసరమే పులుసు" అని, తిన్నదాకా పక్కనే నిలబడ్డాడు.

చిల్లకూరు: ఏ ఇంటి పిల్ల?

ఆదివారం తెల్లవారగానే బయల్దేరి చిల్లకూరు దగ్గర టీ కోసం ఆగాం. హైవే పక్కన రేకుల కొట్టు, టీ పది రూపాయలు. సుధీర్ చేతులు కడుక్కుని వచ్చేసరికి కహోన్ మీద ఒక లారీ డ్రైవరు కూర్చుని టీ తాగుతున్నాడు.

"అన్నా, అది డ్రమ్ము" అన్నాడు సుధీర్.

"బాగుండాది, కొంచెం ఎత్తు తక్కువ" అన్నాడు ఆయన లేవకుండానే, వేళ్ళతో పెట్టెను కొడుతూ. ఆ దరువు సుధీర్ దరువు కంటే నిలకడగా ఉంది. ఆ మాట నేను పైకి అనలేదు.

టీ కాచే ఆమె ఎక్కడికని అడిగింది. చంద్రమ్మ కథ చెప్పాను. వేదిక మీద చెప్పినట్టే, ఆగాల్సిన చోట ఆగి చెప్పాను. హైదరాబాదులో ఆ చోట ముక్కులు తుడుచుకుంటారు. ఆమె పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ, "ఏ ఇంటి పిల్ల?" అంది.

"అంటే..."

"మా పుట్టిల్లు ఆ పక్కే. ఆ పేరు పిల్ల సముద్రంలో పోయినట్టు నేనినలేదే. ఎప్పుడు పోయింది?"

"చాలా పాత మాట అక్కా. వందల ఏళ్ళు."

"అట్టయితే నీకెవురు చెప్పినారు?"

టీ డబ్బులిచ్చి లేచాను. సుధీర్ బస్సు ఎక్కేదాకా నావైపే చూస్తూ ఉన్నాడు.

కోట: రక్షణ పొందినాదా?

కోటలో బస్సు దిగామో లేదో ఒక నడివయసు మనిషి పరుగెత్తుకొచ్చి నా గిటారు పట్టుకున్నాడు. పేరు దానియేలు. ఒడ్డున చేపలు కొని, ఐసు పెట్టెలున్న వ్యాన్లో ఊళ్ళు తిరిగి అమ్ముతాడు. ఆయన వెళ్ళే చర్చిలో గిటారు వాయించే అతనికి జ్వరమట, ఆరాధన పావుగంటలో ఉందట. "దేవుడే పంపినాడు సార్ మిమ్మల్ని" అని మా సమాధానం వినకుండా వ్యాన్లో ఎక్కించేశాడు.

రాని పాటలకు గిటారు వాయించడం నాకు అలవాటే. గంటన్నర నెట్టుకొచ్చాం. మా కచేరీల్లో చప్పట్లు ఎక్కడ కొట్టాలో మేము చెప్పాలి. ఇక్కడ రెండొందల మంది తాళం తప్పకుండా కొడుతుంటే మేమే వెనకబడ్డాం.

ఆరాధన అయ్యాక వరండాలో, మీ సొంత పాట ఒకటి పాడండి అన్నారు. చంద్రమ్మ పాడాను. అందరూ శ్రద్ధగా విన్నారు. అయ్యాక తెల్ల చీర కట్టుకున్న ఒక పెద్దామె దగ్గరకొచ్చి, "పోయే ముందర ఆ బిడ్డ రక్షణ పొందినాదా బాబూ?" అంది. నాకు తెలియదన్నాను. "తెలుసుకోకుండా ఎట్టా పాడతావుండావు?" అని బాధపడి వెళ్ళిపోయింది. ఎనిమిదేళ్ళలో ఎంతోమంది విమర్శకులు ఆ పాట గురించి రాశారు. చంద్రమ్మ గురించి పట్టించుకున్నది ఈమె ఒక్కతే.

దానియేలన్న వాళ్ళింట్లో భోజనం. రొయ్యల వేపుడు, చారు, గడ్డపెరుగు. ఆయన మటుకు కొంచెం ఆలోచనలో పడి, "ఆ పాట నేనెక్కడో ఇన్నట్టుండాది సార్" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది.

"అన్నా, ఒడ్డున పాట బాగా పాడేవాళ్ళెవరైనా ఉన్నారా? పెద్దవాళ్ళు, పాతకాలం నుంచీ పాడేవాళ్ళు?"

"పాటా! రేపు తెల్లారి నాతో పట్టపుపాళెం రండి. ఆరు కాడినుంచి పాటే పాట. అంకమ్మక్క పెట్టాల పాట. వాళ్ళమ్మ కూడా పెట్టింది, వాళ్ళవ్వ కూడా పెట్టింది. ఆమె గొంతిప్పితే పడవల్లో ఉండేవాళ్ళకి ఇనపడతది."

మూడు తరాలు! సుధీర్ భుజం మీద గట్టిగా చరిచాను. లేబుల్ తరఫున మాట్లాడే అమ్మాయికి ఫోన్ చేసి, దొరికేశారు, రేపు ఉదయమే వీడియో అని చెప్పాను. ఆ అమ్మాయి చాలా సంతోషించి, ఆమెకు పాత చీర కట్టించమంది.

పట్టపుపాళెం: పాట

సోమవారం ఆరింటికి ఒడ్డుకు చేరాం. ఫైబరు పడవలు ఒకటొకటిగా ఇసుక మీదకు వస్తున్నాయి. నీలం ప్లాస్టిక్ పట్టాల మీద చేపలు కుప్పలు పోస్తున్నారు. చుట్టూ ముప్పై నలభై మంది ఆడవాళ్ళు, తట్టలు, మోటారు సైకిళ్ళ మీద వచ్చిన వ్యాపారులు. మధ్యలో అరవై ఏళ్ళ మనిషి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, చేతిలో చిన్న కర్ర. "ఆమే" అన్నాడు దానియేలన్న.

సుధీర్ కెమెరా పెట్టాడు. నేను మైకు పట్టుకుని ముందు వరసలోకి దూరాను. అంకమ్మక్క కర్రతో ఒక కుప్పను తట్టి గొంతు విప్పింది. మొదటి రెండు క్షణాల్లోనే గుర్తుపట్టాను. అదే గొంతు. లయ తూకం వేసినట్టుంది. నేను కళ్ళు మూసుకుని, మా వాళ్ళంతా చేసినట్టే, లయకు తల ఊపడం మొదలుపెట్టాను. నా తల ఊగినప్పుడల్లా ఆమె గొంతు ఒక మెట్టు పైకి వెళ్తోంది. ఇద్దరి మధ్యా ఏదో కుదిరిందని పొంగిపోయాను. నాలుగైదు ఊపుల తర్వాత చప్పున ఆగిపోయింది. కళ్ళు తెరిస్తే అందరూ నావైపే చూస్తున్నారు.

"గిటారు సారుకి పోయింది, ఆరొందలు" అంది అంకమ్మక్క. "తట్ట తెచ్చుకోలేదా?"

నా కాళ్ళ దగ్గర కుప్పెడు నెత్తళ్ళు ఉన్నాయి. వేలెడంత చేపలు, ఎన్ని వేలో చెప్పలేను. దానియేలన్న నవ్వు ఆపుకోలేక, "తలాడిస్తే పాట పాడినట్టే సార్ ఈడ" అన్నాడు.

పాట అంటే వేలం పాటని అప్పటికి కాస్త అర్థమైంది. మిగతాది మరుక్షణమే అర్థమైంది. పక్క పట్టా మీద పళ్ళెంలా వెడల్పుగా, వెండిలా మెరిసే చేపలు పోశారు. అంకమ్మక్క కర్ర తిప్పి అందుకుంది.

"చందువమ్మా చందువా! పన్నెండొందలు, పదమూడు, పదమూడున్నర... పోతావుండాది, పోతావుండాది... పద్నాలుగు... పోయింది! ఎవురి పేరు రాసేది?"

చందువ, ఆ చేప పేరు. అమ్మా అన్నది కొనడానికొచ్చిన ఆడవాళ్ళని. నేను హమ్మింగ్ పెట్టిన చోటల్లా ధరలున్నాయి. ప్రసాద్ అబద్ధం చెప్పలేదు. ఒడ్డున ఒకామె పాట అనే రాశాడు.

సుధీర్ కెమెరా దించేసి మెల్లగా నా పక్కకొచ్చాడు. "మన చంద్రమ్మ కిలో ఎంతట?" అన్నాడు.

కాగితం

పడవలన్నీ అయిపోయాక అంకమ్మక్క ఇసుకలో కూర్చుని వక్క నములుతుంటే దగ్గరకు వెళ్ళాం. అప్పటికే లేబుల్ అమ్మాయికి ఫోన్లో విషయం చెప్పబోయాను. "నాకు వివరాలు చెప్పకండి ప్లీజ్. ఆమె చేత రెండు మాటలు అనిపించి సంతకం పెట్టించండి, చాలు" అని పెట్టేసింది.

ముందు మా పాట ఫోన్లో వినిపించాను. ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. ఆరు నిమిషాల పాట. అంకమ్మక్క చివరిదాకా కదలకుండా వింది.

"ఇది నా పాటే కదా!" అంది. "ఏందయ్యా ఇంత నిదానం? ఇట్టా అమ్మితే చేప చెడిపోతది."

ఒడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను, కానీ నా జేబులో ఆ కాగితం ఉంది. తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏముండాది ఇందులో?" అంది.

ఏదైనా చెప్పొచ్చు. వీడియో తీసినందుకు రసీదు అనొచ్చు. ఆమె సంతకం పెట్టేసేది, కలం అప్పటికే చేతిలోకి తీసుకుంది కూడా. పదకొండేళ్ళ బ్యాండు, సుధీర్ డ్రమ్ములు, నా పేరు, అంతా ఆ గీతకు అవతల ఉంది. సుధీర్ నావైపు చూడకుండా సముద్రం వైపు తిరిగాడు. వాడు చూసి ఉంటే ఏం చేసేవాణ్ణో తెలియదు. కాగితం తీసుకుని పైకి చదివాను. "ఈ పాటకు యజమాని ఎవరూ లేరు."

అంకమ్మక్క కలం కింద పెట్టేసింది.

"ఎవురిదీ కాదని నేనెట్టా రాసిస్తా? ఈ ఒడ్డు మీదకొచ్చింది ఏదైనా ఒకరి పేరున పోవాల్సిందే. నెత్తళ్ళ తట్టకైనా పేరుండాల. పేరు లేకుండా పోయిన సరుకు మా అమ్మ నాడు లేదు, నా నాడు లేదు."

"మరి ఇది నీదే కదక్కా. నీ పేరే రాస్తాను."

"నా నోట్లోంచి రోజూ వంద పోతాయి. అమ్మినాక నాకేం పని? తెచ్చినోడివి నువ్వు. కావాలంటే పాట పెడతా, ఎవురు పాడుకుంటే వాళ్ళది."

ఆమె సరదాకి అందో, నిజంగానే అందో ఇప్పటికీ తెలియదు. నా ఫోను తీసి నెత్తళ్ళ కుప్ప మీద పెట్టి, కర్రతో తట్టి, మొదలుపెట్టేసింది. వంద అన్నారెవరో. రెండొందలన్నాడు దానియేలన్న. ఇసుకలో కూర్చున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఐదొందలు దాటేసరికి నాకు కంగారు పుట్టి చెయ్యెత్తాను. అంకమ్మక్క కర్రతో నా చెయ్యి దించేసింది.

"సరుకు తెచ్చినోడు పాట పాడకూడదు. అది దొంగ పాట."

దానియేలన్నకు తొమ్మిదొందల యాభైకి పోయింది. ఆమె తన వాటా యాభై తీసుకుని, తొమ్మిదొందలు నా చేతిలో పెట్టింది. పదకొండేళ్ళలో నా పాటకు ధర ఎంత అని ఎవరూ నా ముందు పైకి అనలేదు. నాకు అవమానంగా ఉండాల్సింది. నిజం చెబుతున్నాను, గర్వంగా అనిపించింది. ఆ వెంటనే లేబుల్‌కి ఫోన్ చేసి, పాటకు యజమాని ఉన్నాడనీ, కోటలో చేపలు అమ్ముతాడనీ చెప్పాను. ఇక ఆల్బమ్ కుదరదని ఆ అమ్మాయి మర్యాదగా చెప్పింది. ఫోను జేబులో పెట్టుకున్నాక మాత్రం ఏడుపొచ్చింది. ఈసారి చంద్రమ్మ కోసం కాదు.

వ్యాన్లో

"నా పాట నాకు సరిగ్గా పాడియ్యాల కదా సార్" అన్నాడు దానియేలన్న. ఆయన వ్యాను మీద మైకు ఉంది. అందులో వినిపించడానికట. చంద్రమ్మ తీసేసి చందువ పెట్టాం. హమ్మింగ్ తీసేశాం. అంకమ్మక్క పక్కనే నిలబడి, "ఇంకా బిరీన, ఇంకా బిరీన" అని తరుముతుంటే ఆరు నిమిషాల పాట ఒకటిన్నర నిమిషానికి వచ్చింది. అక్కడే ఫోన్లో రికార్డు చేశాం, సుధీర్ కహోన్ మీద వాయించాడు. వాడు అంత బాగా వాయించగా నేనెప్పుడూ వినలేదు. ఆ మాట పైకే అన్నాను. వాడు, హైదరాబాదు వెళ్ళాక బీరువా వంటగదిలో పెట్టించాలి అన్నాడు.

పదింటికి ఐసు పెట్టెల మధ్య కూర్చుని బయల్దేరాం. కోట చుట్టుపక్కల పల్లెలు, రోడ్డుకు రెండు వైపులా రొయ్యల చెరువులు. మైకులో నా గొంతు నాకంటే ముందు ఊళ్ళోకి వెళ్తోంది. ఇన్నేళ్ళూ నా పాట వినిపించడానికి జనాన్ని బతిమాలి హాళ్ళకు రప్పించాను, చివరి పాటకల్లా సగం మంది లేచి వెళ్ళేవాళ్ళు. ఇక్కడ పోతావుండాది, పోతావుండాది అనగానే తలుపులు తెరుచుకున్నాయి. పోయింది అనేలోపు ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

ఒక ముసలామె వ్యాను దగ్గర నిలబడి పాట చివరిదాకా వింది. "ఎవురిది దానియేలూ ఈ పాట?"

"నాదే" అన్నాడు దానియేలన్న. "పాడింది ఈ సారు."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "గొంతు బాగనే ఉండాది. ఈ రోజుదేనా?"

చేప గురించే అడిగింది.

"ఈ రోజుదే అవ్వా" అన్నాను. ఆ పాట పక్కన నిలబడి ఎనిమిదేళ్ళలో నేను చెప్పిన మొదటి నిజం అదే.